ఇంటి ఆరోగ్యం: ముక్కు కుట్టించే ముందు



ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. వారి అమ్మాయికి సంబంధం కుదిరింది, వచ్చే నెలలోనే పెండ్లి. అబ్బాయి తరపువారు ముక్కుపుడక పెడతామంటున్నారు. అమ్మాయికి ఇంతవరకు ముక్కు కుట్టించలేదు. ఈ వారమే టౌనుకు తీసుకెళ్లి కుట్టించవచ్చా, అసలు విశ్వాసులు కుట్టించుకోవచ్చా అని ఆమె అడిగారు.

రెండవ ప్రశ్నకు మొదట జవాబు చెబుతాను. అబ్రాహాము సేవకుడు రిబ్కాకు బంగారు ముక్కు కమ్మి పెట్టిన సంగతి ఆదికాండము 24వ అధ్యాయంలో చదువుతాము. స్త్రీకి బంగారు నగలకంటె హృదయంలోని అలంకారమే విలువైనదని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం బోధిస్తుంది. కొన్ని సంఘాలలో నగలు ధరిస్తారు, కొన్నింటిలో ధరించరు. మీ సంఘ క్రమమును గూర్చి పాస్టరుగారితో మాట్లాడండి. ముక్కుపుడక పెట్టుకున్నందున భక్తి తగ్గదు, పెట్టుకోనందున పెరగదు. అయితే ఒక్క మాట. అమ్మాయి ఇష్టం అడిగారా? నొప్పి పడేది ఆమె. ఆమెకు ఇష్టం లేకపోతే వియ్యాలవారికి మర్యాదగా చెప్పండి.

ఇక మొదటి ప్రశ్న. ఈ వారం వద్దమ్మా. చెవి తమ్మె మెత్తని కండ గనుక 6 నుండి 8 వారాలలో మానుతుంది. ముక్కు రెక్కలో మృదులాస్థి ఉంటుంది. దానికి రక్త ప్రసరణ తక్కువ. అందుచేత ముక్కు మానడానికి 2 నుండి 4 నెలలు, కొందరికి 6 నెలలు కూడా పడుతుంది. పచ్చి పుండు మీద నలుగు, పౌడరు పడి, తొందరలో పుడక మార్చితే చీము పట్టే ప్రమాదముంది. పెండ్లినాటికి, కుట్టించే పని లేకుండా ముక్కుకు నొక్కి పెట్టుకునే పుడక దొరుకుతుంది. అసలు పుడక తర్వాత నిదానంగా పెట్టవచ్చు.

కుట్టించదలచినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలి? ముక్కు చెవి గొంతు డాక్టరు గాని, చర్మ వైద్యులు గాని, శిక్షణ పొంది శుభ్రంగా చేసేవారు గాని మంచిది. మన ఊరి కంసాలిగారి చేయి ఎంత నేర్పుగలదైనా, ఒకే సూదితో పదిమందికి కుట్టితే ఒకరి రక్తం మరొకరికి అంటుతుంది. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. ఆ విధంగా వ్యాపించగలవు. సూదిని దీపపు మంటలో కాల్చినంత మాత్రాన సరిపోదు.

వెళ్లినచోట ఈ సంగతులు అడగడానికి సిగ్గుపడకండి.

1. సీలు వేసిన కొత్త సూదిని మీ కళ్లముందే విప్పుతారా? వాడిన తర్వాత పారవేస్తారా?

2. చేతులు కడుక్కొని కొత్త గ్లవ్స్ వేసుకుంటారా?

3. గన్‌తో కుట్టుతారా, సూదితోనా? గన్ ముక్కుకు తగదు. అది మృదులాస్థిని నలగగొడుతుంది. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆసుపత్రి పరికరాలవలె ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేయలేరు.

4. పెట్టే పుడక దేనితో చేసినది? గిల్టు నగలలో తరచుగా నికెల్ ఉంటుంది. దానివల్ల కొందరికి దురద, రసి వస్తాయి. మంచి బంగారం మేలు. 2021 జూన్ నుండి బంగారు నగలకు హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది గాని, 2 గ్రాములలోపు వస్తువులకు మినహాయింపు ఉంది. ముక్కుపుడక సాధారణంగా అంతకంటె తక్కువే తూగుతుంది. కాబట్టి ఎన్ని క్యారెట్లో బిల్లు మీద వ్రాయించుకోండి.

గుండె కవాటాల జబ్బు, షుగరు ఉన్నవారు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందుగా తమ డాక్టరును అడగాలి. గాయం మానినచోట కండ ఉబ్బి గడ్డకట్టే శరీరతత్వం గలవారు కూడా అడగాలి. గర్భవతులు కాన్పు అయ్యేవరకు ఆగడం మంచిది. పిల్లలకు 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీ టీకా వేయించారో లేదో చూసుకోండి. అది ధనుర్వాతం నుండి కాపాడుతుంది. ఎడమ ముక్కుకు కుట్టిస్తే కాన్పు సులువవుతుందనే మాటకు వైద్యంలో ఆధారం లేదు.

కుట్టించిన తర్వాత రోజుకు రెండుసార్లు, సబ్బుతో చేతులు కడుక్కొని, మందుల షాపులో దొరికే సెలైన్ నీటితో తుడవండి. స్పిరిట్ వద్దు, అది కొత్త కండను మాడ్చుతుంది. పసుపు, నూనె, బూడిద పూయవద్దు. రంధ్రంలో వేపపుల్ల పెట్టవద్దు. పుడకను మాటిమాటికి తిప్పవద్దు. మానేవరకు చెరువులో, కాలువలో మునగవద్దు. తువ్వాలు, చీర కొంగు తగులుకోకుండా చూసుకోండి.

మొదటి కొద్దిరోజులు కాస్త ఎరుపు, వాపు, తెల్లని రసి సహజమే. ఎరుపు రోజురోజుకు ప్రాకుతుంటే, సలుపు ఎక్కువైతే, పచ్చని చీము కారితే, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పుడకను మీరే తీసివేయవద్దు. పైన రంధ్రం మూసుకుపోతే చీము లోపలే నిలిచిపోతుంది. ముక్కు చుట్టూ ఉన్న రక్తనాళాలకు తలలోని నాళాలతో సంబంధముంది. అరుదుగానైనా ఇక్కడి చీము తలలోనికి ప్రాకవచ్చు. కంటి చుట్టూ వాపు, తీవ్రమైన తలనొప్పి ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

ఉత్తరం వ్రాసిన అమ్మా, వియ్యాలవారితో ప్రేమగా మాట్లాడండి. ముక్కుపుడక కొన్ని నెలలు ఆగితే పెండ్లి ఆగదు. మీ బిడ్డ ఆరోగ్యంతో క్రొత్త ఇంట అడుగుపెట్టుటకంటె కావలసిందేమున్నది? ప్రభువు ఆ క్రొత్త కుటుంబమును దీవించును గాక.