ఆ అరుగుల మీద ఎవరు కూర్చున్నారు?



యానాం నుంచి పుదుచ్చేరికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా పని మీదే వెళ్తారు. సెక్రటేరియట్‌లో ఫైలు కదలాలి, జిప్‌మర్‌లో చూపించుకోవాలి, పిల్లకు కాలేజీలో సీటు కావాలి. పని అయ్యాక గంట సమయం మిగిలితే సముద్రపు ఒడ్డుకు పోయి, పసుపు రంగు గోడల ముందు ఫోటో దిగి, రాత్రి బండి ఎక్కేస్తారు. నేనూ చాలాకాలం అంతే చేశాను. ఈమధ్య ఒకసారి పని తొందరగా తెమిలి, ఎండ చల్లబడ్డాక కాలువ దాటి పడమటి వైపు నడిచాను. ఆ నడకే ఈ సంపాదకీయం రాయిస్తోంది.

ఫ్రెంచివాళ్ళు ఆ పట్టణాన్ని కాలువతో రెండుగా విడదీశారు. తూర్పున, సముద్రం వైపు తెల్లవాళ్ళ పేట. పడమట తమిళుల పేట. తూర్పు వైపు ఇళ్ళకు ఎత్తయిన ప్రహరీలు, పెద్ద గేట్లు, లోపల తోట. ఇల్లు వీధికి ముఖం చాటేసి ఉంటుంది. పడమటి ఇల్లు అలా కాదు. వీధి మీదికే వచ్చి కూర్చుంటుంది. చెక్క స్తంభాల మీద పెంకుల వసారా ఒకటి వీధి అంచు దాకా దిగుతుంది. దాన్ని తాళ్వారం అంటారు. ఎండకూ వానకూ దారిన పోయేవాడు దాని కింద నిలబడవచ్చు. దాని వెనుక తిణ్ణె, అంటే మన అరుగు. లోపలికి వెళితే నడుమ ఆకాశం కనిపించే ముట్రం. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఇది కొత్తేమీ కాదు.

ఆ పేటలో వైశ్యాల్ వీధి ఒకటుంది. కాల్వే సుబ్బరాయ చెట్టియార్ వీధి అని దానికి మరో పేరు. 2002 నుంచి 2004 దాకా యూరోపియన్ యూనియన్ ఏషియా అర్బ్స్ పథకం కింద పుదుచ్చేరి ప్రభుత్వం, ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్స్‌లోని విల్‌నవ్-సుర్-లో పట్టణాలు, 1984 నుంచి అక్కడ పనిచేస్తున్న ఇన్‌టాక్ సంస్థ కలిసి ఆ వీధి ఇళ్ళ ముఖాలను బాగుచేశాయి. 2008లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఆ పనికి గుర్తింపు దక్కింది. నన్ను ఆకట్టుకున్నది పురస్కారం కాదు, పని నడిచిన తీరు. ఇది ఒక కోటో, ఒక గుడో కాదు. ఒక్కో ఇంటికి ఒక్కో యజమాని, ఒక్కో తగాదా. నలుగురు అన్నదమ్ములకు వాటాలున్న ఇంట్లో ఒకరు సంతకం పెట్టకపోయినా పని ఆగిపోతుంది. వీధివాళ్ళను కూర్చోబెట్టి ఒప్పించకుండా ఒక వరుస ఇళ్ళు మొత్తం పాత రూపానికి రావు.

మేస్త్రీ పని తెలిసిన మన పాఠకులు ఒక సంగతి గమనించాలి. పాత ఇటుక గోడ సున్నపు గారతో కట్టింది. అది చెమ్మను పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పొంగుతుంది, పెచ్చులు ఊడతాయి. పదేళ్ళకు గోడ పాడైంది, కూల్చేద్దాం అంటాం. నిజానికి పాడుచేసింది మన పూతే. మన పాత మందిరాలు ఎన్నిటికి ఇదే మర్యాద జరిగిందో లెక్కపెట్టండి. విరాళాలు పోగుచేసి, సిమెంటు పూసి, నిగనిగలాడే ఎనామిల్ రంగు వేసి, ప్రతిష్ఠ ఆరాధన పెట్టాం.

2014 నవంబరు 29న వానలో పుదుచ్చేరి పాత మేరీ భవనం, సముద్రానికి ఎదురుగా ఉన్న పురపాలక భవనం, కుప్పకూలింది. బాగుచేస్తామన్న మాటలు సాగుతుండగానే కూలింది. ఆ దెబ్బతో పట్టణవాసులు కదిలారు. పీపుల్ ఫర్ పాండిచ్చేరీస్ హెరిటేజ్, అంతకుముందే ఉన్న పాండీకాన్, ఇన్‌టాక్ చేతులు కలిపి వారసత్వ ఉత్సవం నడుపుతున్నాయి. వీధుల్లో నడకలు, పిల్లలతో పనులు, చెరువుల గురించి సభలు. కూలిన మేరీ భవనాన్ని ప్రభుత్వం పాత నమూనాలోనే తిరిగి కట్టింది.

ఇదంతా మెచ్చుకోవలసిందే. మెచ్చుకుంటూనే కొన్ని ప్రశ్నలు అడగాలి.

సముద్రపు ఒడ్డు సంగతే చూడండి. 1980ల చివర్లో పట్టణానికి దక్షిణాన హార్బరు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఆ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోడలు ఇసుకను ఆపేశాయి, ఉత్తరాన ఉన్న పట్టణపు ఒడ్డు కోసుకుపోయింది. బండరాళ్ళు పోశారు. నివాసుల సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాక 2018లో నీటి అడుగున కృత్రిమ దిబ్బ కట్టారు, కొంత ఇసుక తిరిగొచ్చింది. పర్యాటకులకు బీచి వచ్చింది. కానీ కోత ఆగలేదు. ఇంకా ఉత్తరానికి, తమిళనాడు వైపున్న జాలరి పల్లెల మీదికి జరిగింది. బొమ్మయార్‌పాళెంలో ఇల్లు పోగొట్టుకున్న మత్స్యకారుని ఇంటికి వారసత్వ జాబితాలో చోటుందా? పెంకుటిల్లూ కాదు, ఫ్రెంచి కిటికీలూ లేవు. తాతల నాటి నుంచి అక్కడ ఉన్నాడు, అంతే.

మరొకటి. 2024 జూన్‌లో అదే పుదుచ్చేరిలో, రెడ్డియార్‌పాళెం పుదునగర్‌లో, భూగర్భ మురుగు కాలువ నుంచి విషవాయువు ఇళ్ళ మరుగుదొడ్లలోకి తన్ని ముగ్గురు చనిపోయారు. ఒకరు బడికి పోయే పిల్ల. ఇళ్ళ ముఖాలకు సున్నం వేసే శ్రద్ధ ఇళ్ళ కింది గొట్టాలకు ఎందుకు లేదని అడిగితే వారసత్వం వేరు, పారిశుధ్యం వేరు అంటారు. నేను ఒప్పుకోను. నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం మనం పేర్ల జాబితా అని దాటేసే అధ్యాయం. అందులో ఒక్కొక్కరు తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడను బాగుచేసుకున్నారు. కంసాలులు, పరిమళద్రవ్యాల పనివారు, షల్లూము కుమార్తెలు కూడా రాళ్ళు మోశారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం మెడ వంచలేదు. ఆ జాబితాలోనే పెంట గుమ్మం ఉంది. దాన్ని బాగుచేసింది ఒక ప్రదేశానికి అధిపతి, మల్కీయా. ఊరి చెత్త బయటికిపోయే గుమ్మం బాధ్యత ఒక అధికారి నెత్తిన పడింది. మన నగరాల్లో ఆ గుమ్మం దగ్గర ఎవరున్నారో నేను చెప్పనక్కర్లేదు. బెంగళూరు పౌరకార్మికుల్లో మన భాష మాట్లాడే దళిత స్త్రీలు ఎందరో. వారిలో 12,692 మందికి శాశ్వత ఉద్యోగ పత్రాలు అందింది 2025 మే డే నాడు, అదీ ఏళ్ళ తరబడి సమ్మెలు చేశాక. మల్లేశ్వరంలోనో ఫ్రేజర్ టౌన్‌లోనో పాత వీధి అందంగా ఉందంటే తెల్లవారకముందే దాన్ని ఊడ్చినవారు ఉన్నారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను.

తిణ్ణె అతిథి మర్యాదకు గుర్తు అని గైడు చెప్తాడు. నిజమే. అయితే ఆ తిణ్ణె మీద ఎవరు కూర్చోగలిగేవారు, ఎవరు చెప్పులు చేతపట్టుకుని వీధి దాటేవారు అన్నది గైడు చెప్పడు. అందులో చర్చి చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. డూప్లే కాలపు దుబాసీ ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో 1745 అక్టోబరు నాటి సంగతి ఒకటి రాశాడు. పుదుచ్చేరి గుడిలో అంటరానివారుగా చూడబడిన క్రైస్తవులను విడిగా కూర్చోబెట్టేందుకు లోపల గోడ కట్టి ఉండేది. కారైక్కాల్ నుంచి వచ్చిన ఒక గురువు దాన్ని తప్పుపట్టాడు. ఆ విశ్వాసులు తామే వెళ్ళి పెద్ద గురువును నిలదీశారు: మేమూ మీ బిడ్డలమైతే ఈ గోడ ఎందుకని. గోడ తీసేశారు. పై కులాల క్రైస్తవులు గొడవకు దిగారు. అదే దినచర్యలో 1748 నాటి మరో సంగతి ఉంది. జెస్యూట్ల గుడి పక్కనే ఉన్న వేదపురీశ్వరుని ఆలయాన్ని కూల్చేశారు. మనవాళ్ళకు ఆనందం, ఊరికి దుఃఖం.

ఈ రెండూ పుదుచ్చేరి వారసత్వమే. ఒక గోడ కూలినందుకు మనం సంతోషించాలి, ఒక ఆలయం కూలినందుకు సిగ్గుపడాలి. ఇది చెప్పినందుకు కొందరు పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు. పరువు పోతుందని దాచిపెడితే రేపు ఇంకెవరో వాళ్ళకు కావలసినట్టు చెప్తారు. అయినా 1745లో తీసేసిన గోడ అక్కడితో ముగిసిందా? తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో గుడిలోని అడ్డుగోడ పోయింది 1910లో. శ్మశానాల్లో గోడల సంగతి ఇప్పుడు వద్దు, మరో సంచికలో రాస్తాను.

యువతీయువకులారా, పుదుచ్చేరి నుంచి మనం నేర్చుకోవలసింది ఫోటోలు దిగడం కాదు. మనవాళ్ళు తరతరాలుగా ఉన్న పేటలు ఎన్నో ఉన్నాయి. కోలార్ బంగారు గనుల లైన్లు ఉన్నాయి. గనులు 2001లో మూతపడ్డాయి, ఆ లైన్లలో మనుషులు ఇంకా ఉన్నారు. షోలాపూర్ నేతగాళ్ళ వీధులున్నాయి. ముంబైని కట్టిన తెలుగు కూలీల పేరు మీదనే పిలవబడే కామాఠిపుర ఉంది. అక్కడ పాత చాళ్ళను కూల్చి మేడలు లేపే పథకం నడుస్తోంది. కూల్చడం తప్పని నేను అనను. వర్షాకాలంలో ఆ చాళ్ళలో పడుకోవడం ఎంత భయమో అక్కడున్నవాళ్ళకే తెలుసు. అద్దెకున్నవారి పేరు కాగితం మీద ఉందా, కొత్త మేడలో వారికి గది దక్కుతుందా, ఆ పేటను కట్టినవారి కథ ఎక్కడైనా రాసి ఉంటుందా అన్నదే నా ఆరాటం. నివాసుల సంఘం అంటే ఇంటి యజమానుల సంఘం అని అర్థం చేసుకుంటే అద్దెవాడు, తోపుడు బండివాడు, ఊడ్చే అక్క దాని మీటింగుకు రారు. పిలిస్తే వస్తారు.

యానాంలో 1846 నాటి సెయింట్ ఆన్ గుడి ఉంది. అక్కడి యౌవనస్థులు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మిగతావారు తమ పేటలో ఉన్న పాత మందిరం నుంచో, పాత బడి నుంచో. ఒక నోటుపుస్తకం, ఒక ఫోను చాలు. డెబ్బై దాటిన అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చోండి. ఈ కట్టడానికి మట్టి మోసింది ఎవరు, నీళ్ళు ఏ బావి నుంచి తెచ్చేవారు, ఆ బావి దగ్గరికి ఎవరిని రానిచ్చేవారు కాదు, ఆరాధనలో ఎవరు ముందు, ఎవరు వెనుక కూర్చునేవారు అని అడగండి. చివరి ప్రశ్నకు మొదటిరోజు జవాబు రాదు, మాట మార్చి టీ తాగమంటారు. టీ తాగి, మరో ఆదివారం మళ్ళీ వెళ్ళండి.