ఈగ కంటిలో లెక్క

మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగను చీదరించుకొని తోలివేస్తాము గాని, దాని ఎర్రని కంటి పనితనం ఎరుగము. ఒక్కొక్క కంటిలో సుమారు 750 చిరుకళ్లు, తేనెపట్టు గదులవలె ఆరు పలకలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క గదిలో వెలుగును పట్టే కణాలు 8.

ఇంత పొందిక ఎట్లా వచ్చింది? ఈగ ఇంకా ప్యూపా గూటిలో ఉండగానే గదుల నడుమ అవసరానికి మించి కణాలు పుడతాయి. వాటిలో సుమారు 2,000 తమంతట తామే చనిపోతాయి. దెబ్బ లేదు, జబ్బు లేదు. చావు సరంజామా కణంలోనే ఉంటుంది. పక్కనున్న కణాలు 'బ్రతుకు' అని కబురు పంపుతాయి. చాలినంత అందినది నిలుస్తుంది, అందనిది పోతుంది. ఈ పని చేయించే జన్యువులలో ఒకదాని పేరు 'హిడ్'. అది చెడిన ఈగలో మిగులు కణాలు పోక, గదుల నడుమ ఇరుకిరుకుగా ఉండిపోతాయి.

గర్భంలో మన చేతివేళ్లు విడివడేదీ నడిమి కణాలు చావడం చేతనే. చావవలసినవి చావకుండా పెరగడం కేన్సరు లక్షణాలలో ఒకటి. పురుగులో ఇటువంటి చావును శోధించిన ముగ్గురికి 2002లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆఫీసు గుమాస్తాలము గనుక 'మిగులు' అన్న మాట వింటే మాకు గుండె ఝల్లుమంటుంది. అయితే కణానికి ఆలుబిడ్డలు లేరు. ఈగ కంటికి చెల్లిన లెక్క మనుషులకు చెల్లదని మా మనవి. పక్కవారి కబురు అందినవాడే నిలుస్తాడన్న ముక్క మాత్రం మనకూ వర్తిస్తుంది.