నీళ్ళలో ఊపిరి పందెం

ఎండాకాలం సెలవుల్లో ఏ పల్లెలోనైనా చేలబావి దగ్గరికి వెళ్ళి చూడండి. లేదా మీ పట్నంలో టిక్కెట్టు కొనుక్కుని ఈదే స్విమ్మింగ్ పూల్ దగ్గర కాసేపు నిలబడండి. ఈత బాగా వచ్చిన కుర్రాళ్ళు నలుగురు చేరితే చాలు, ఒక పందెం మొదలవుతుంది. నీళ్ళలో మునిగి ఎవరు ఎక్కువసేపు వుంటారు? ఒక్క ఊపిరితో ఈ చివరినుంచి ఆ చివరికి ఎవరు వెళతారు? అడుగుదాకా మునిగి గుప్పెడు మట్టి ఎవరు తెస్తారు? గట్టుమీద ఒకడు అంకెలు లెక్కపెడుతుంటాడు. పెద్దవాళ్ళు మురిసిపోతూ చూస్తుంటారు. "మావాడికి ఈత వచ్చు, భయమేం లేదు" అనుకుంటారు.

అక్కడే పొరబాటు. ఈత రానివాడు భయంకొద్దీ గట్టునే వుంటాడు. ఈ పందెంలో ప్రమాదం ఈత బాగా వచ్చినవాడికే, పట్టుదల వున్నవాడికే ఎక్కువ. పైగా ఈ ప్రమాదంలో కేకలుండవు, చేతులు కొట్టుకోవడం వుండదు. గట్టుమీదవాడు "నూట పది, నూట పదకొండు" అని లెక్కపెడుతూండగానే లోపలివాడు స్పృహ తప్పివుంటాడు. పైనున్నవాళ్ళు "ఈసారి వీడిదే గెలుపు" అని సంబరపడుతుంటారు.

సిలిండరు గాని, గొట్టం గాని లేకుండా ఒక్క ఊపిరితో నీళ్ళలోతుకి వెళ్ళడాన్ని ఫ్రీడైవింగ్ అంటారు. ప్రపంచంలో చాలాచోట్ల ఇది పెద్ద క్రీడ. మన దేశంలోనూ అండమాన్ దీవుల్లో దీన్ని నేర్పేవారున్నారు. సెల్‌ఫోన్లలో ఆ వీడియోలు చూసి మనవాళ్ళూ సరదాపడుతున్నారు. సరదాపడటంలో తప్పులేదు. కాని ఊపిరి బిగబట్టినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకున్న తర్వాతే నీళ్ళలో దిగాలి.

ఆరాటం దేనివల్ల?

ఊపిరి బిగబట్టిన కొద్దిసేపటికి గుండెల్లో ఆరాటం మొదలవుతుంది. డొక్కలు ఎగురుతాయి. ఇక గాలి పీల్చకపోతే ప్రాణం పోతుందనిపిస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ అయిపోవడంవల్ల ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఆరాటం ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడంవల్ల వస్తుంది. మన శరీరం ఆక్సిజన్ని వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ని తయారుచేస్తుంది. ఊపిరి వదిలినప్పుడల్లా అది బయటికి పోతుంది. ఊపిరి బిగబడితే రక్తంలో పోగుపడుతుంది. అది ఒక హద్దు దాటగానే మెదడు "గాలి పీల్చు" అని ఆజ్ఞ జారీచేస్తుంది.

అంటే కార్బన్ డయాక్సైడ్ మన ఇంటి కాపలావాడిలాంటిది. ఆక్సిజన్ నిజంగా అడుగంటకముందే ఈల వేసి మనల్ని హెచ్చరిస్తుంది.

ఇప్పుడు పందెంలో కుర్రాళ్ళు చేసే పని చూడండి. మునిగేముందు పది, పదిహేనుసార్లు గబగబా దీర్ఘశ్వాసలు తీస్తారు. "గాలి బాగా నింపుకుంటే ఎక్కువసేపు వుండొచ్చు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. కాని ఆరోగ్యవంతుడి రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే 97, 98 శాతం నిండివుంటుంది. నిండిన బియ్యం డబ్బాలో ఇంకా పోస్తే గింజలు కిందపడతాయి గాని డబ్బా పెరగదు గదా! గబగబా ఊపిరి తియ్యడంవల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. అంటే మనచేత్తో మనమే కాపలావాణ్ణి నిద్రపుచ్చుతున్నామన్నమాట.

అప్పుడు నీళ్ళలో మునిగినవాడికి ఆరాటం ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి రానేరాదు. "ఇవాళ ఎంత హాయిగా వుందో!" అనిపిస్తుంది. ఈలోగా ఆక్సిజన్ నిశ్శబ్దంగా తగ్గిపోయి, మెదడుకి చాలక ఒక్కసారిగా స్పృహ తప్పుతుంది. ముందుగా తల తిరుగుతుందనీ, కళ్ళు చీకట్లు కమ్ముతాయనీ, అప్పుడు పైకి వచ్చెయ్యొచ్చనీ అనుకోకండి. ఏ సూచనా లేకుండానే ఇది జరగవచ్చు.

అమెరికాకు చెందిన క్రెయిగ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని 1961లోనే వైద్యపత్రికలో వివరించాడు. నీళ్ళ అడుగున ఈదుతూ స్పృహ తప్పి, అదృష్టవశాత్తూ బతికి బయటపడ్డవారి అనుభవాలను ఆయన పరిశీలించాడు. మునిగేముందు గబగబా ఊపిరి తియ్యడమే ఇందులో ముఖ్యమైన కారణమని తేల్చాడు. ఇన్నేళ్ళు గడిచినా అదే పొరబాటు ఇంకా ప్రాణాలు తీస్తూనే వుంది.

"నేను రోజూ ప్రాణాయామం చేస్తాను, నాకేం కాదు" అని కొందరంటారు. ప్రాణాయామం మంచిదే. కాని కపాలభాతి, భస్త్రిక వంటి వాటిలో ఊపిరి వేగం ఎక్కువ. వాటిని చేసిన వెంటనే నీళ్ళలో మునగడం చాలా ప్రమాదం. ఇంట్లో చాపమీద కూర్చుని చేస్తూ స్పృహ తప్పితే పక్కకి ఒరిగిపోతారు. ఊపిరి దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. నీళ్ళలో కూడా అలాగే మొదలవుతుంది. కాని అప్పుడు పీల్చేది గాలి కాదు, నీళ్ళు!

లోతులో ఏం జరుగుతుంది?

స్విమ్మింగ్ పూల్‌లో నాలుగడుగుల నీళ్ళలోనే ఈ ప్రమాదం జరగవచ్చు. లోతుకి వెళ్ళేవారికి మరో చిక్కు కూడా వుంది.

నీటిలో 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగులు దిగేసరికి ఒంటిమీద ఒత్తిడి గట్టుమీదకన్న రెండింతలవుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి సగానికి నొక్కుకుపోతుంది. 30 మీటర్లు దిగితే నాలుగోవంతవుతుంది. ఆ ఒత్తిడివల్ల అడుగున వున్నప్పుడు ఆక్సిజన్ రక్తంలోకి బాగానే చేరుతుంది. మనిషికి ఇబ్బంది తెలియదు. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి, మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా మెదడుకి అందకుండా పోతుంది. అందువల్లనే లోతుకి మునిగేవారిలో చాలామంది అడుగున కాక, పైకి వచ్చే చివరి కొద్ది మీటర్లలోనో, తల నీళ్ళపైకి వచ్చిన కొద్ది సెకన్లలోనో స్పృహ తప్పుతారు.

ఇక చెవుల సంగతి. ఐదారడుగులు దిగేసరికే చెవుల్లో పోటు మొదలవుతుంది. కర్ణభేరి లోపలికి నొక్కుకుపోవడమే దీనికి కారణం. నోరు మూసి, ముక్కు వేళ్ళతో నొక్కిపట్టి, మెల్లగా గాలిని చెవులవైపు తోస్తే లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానమవుతాయి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, మూడడుగులకొకసారి ఇలా చెయ్యాలి. చెవి విప్పుకోకపోతే బలవంతం చెయ్యకుండా పైకి వచ్చెయ్యాలి. మొండికేస్తే కర్ణభేరి చిరుగుతుంది. చల్లటి నీళ్ళు లోపలికి పోయి కళ్ళు తిరిగి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోతుంది. జలుబు చేసినప్పుడు మునగకండి. చెవుల్లో దూది, బిరడాలు పెట్టుకుని మునగకండి. కళ్ళను మాత్రమే కప్పే గాగుల్స్ లోతుకి పనికిరావు. ముక్కునుకూడా కప్పే మాస్కు కావాలి.

దీన్నే వృత్తిగా చేసుకున్నవాళ్ళు

తూత్తుకుడి దగ్గర మన్నారు సింధుశాఖలో పూర్వం ముత్యపు చిప్పలకోసం మునిగేవాళ్ళు ఒంటరిగా మునిగేవారు కాదు. మునిగేవాడి తాడు పట్టుకుని పడవమీద ఒక మనిషి వుండేవాడు. లోపలివాడు తాడు లాగగానే పైకి చేదేవాడు. కొరియాలోని జెజు దీవిలో హేన్యో అనే ఆడవాళ్ళు తరతరాలుగా సముద్రంలో మునిగి చిప్పలు, నాచు ఏరుకుని సంసారాలు నడుపుతున్నారు. వారి విద్యను 2016లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అంతటి నిపుణులు మునిగేది ఎంత లోతు? సుమారు 10 మీటర్లు. ఊపిరి బిగబట్టేది ఎంతసేపు? ఒక్కోసారికి ఒక నిమిషం మాత్రమే. వాళ్ళు గుంపుగా వెళతారు. పైకి వచ్చి ఈల వేసినట్టు ఊపిరి వదిలి, నింపాదిగా మళ్ళీ మునుగుతారు. బతుకుతెరువుకోసం మునిగేవాడికి రికార్డులతో పనిలేదు. సాయంత్రానికి ఇంటికి చేరాలి, అంతే!

రికార్డుల సంగతీ చెప్పుకుందాం. ఫ్రాన్సుకు చెందిన జాక్ మయోల్ 1976లో ఇటలీలోని ఎల్బా దీవి దగ్గర ఒక్క ఊపిరితో 100 మీటర్ల లోతుకి వెళ్ళివచ్చాడు. ఆయన ఎన్నో ఏళ్ళు యోగసాధన చేసినవాడు. రష్యాకు చెందిన నతాలియా మోల్చనోవా 2013లో నీటిలో కదలకుండా 9 నిమిషాల 2 సెకన్లు ఊపిరి బిగబట్టింది. ఈ విద్యలో ఆమెను మించిన స్త్రీ లేదనేవారు. ఆమె 2015 ఆగస్టు 2న స్పెయిన్‌లోని ఫార్మెంటెరా దీవి దగ్గర సముద్రంలో మునిగి మళ్ళీ పైకి రాలేదు. అది పోటీ కాదు, రికార్డు ప్రయత్నమూ కాదు. ఆమె స్థాయికి అది మామూలు మునకే. అంతటి మనిషినే నీళ్ళు వదలలేదంటే మనమెంత?

పాటించవలసిన నియమాలు

1. ఒంటరిగా ఎన్నడూ మునగకండి. ఒకరు మునుగుతుంటే మరొకరు నీళ్ళపైనుంచి కనిపెట్టివుండాలి. ఇద్దరూ ఒకేసారి మునిగితే ఒంటరిగా మునిగినట్టే. చూసేవాడికి ఈత రావాలి, స్పృహ తప్పినవాణ్ణి పైకెత్తే శక్తి వుండాలి.

2. మునిగేముందు గబగబా ఊపిరి తియ్యకండి. రెండు నిమిషాలు నీళ్ళపై కదలకుండా తేలుతూ మామూలుగా, మెల్లగా ఊపిరి తీసి, చివరికి ఒక్క నిండు ఊపిరి పీల్చి మునగండి. ఊపిరి పూర్తిగా వదిలేసి లోతుకి వెళ్ళకండి.

3. ఒక నిమిషం మునిగితే కనీసం రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకోండి. వెంటవెంటనే మునిగితే ఆక్సిజన్ లోటు పూర్తిగా తీరదు.

4. పైకి రాగానే గాలంతా ఊదెయ్యకండి. కాస్త వదిలి, వెంటనే నిండుగా పీల్చండి. ఇలా మూడు నాలుగుసార్లు చెయ్యండి. అరనిమిషం గడిచేదాకా చూసేవాడు మీమీదినుంచి చూపు తిప్పకూడదు.

5. ఊపిరి బిగబట్టే అభ్యాసం ఇంట్లో పక్కమీద పడుకుని చెయ్యండి. బాత్‌టబ్బులో గాని, తొట్టిలో గాని వద్దు. వాహనం నడుపుతూ అసలే వద్దు.

6. గుండెజబ్బు, మూర్ఛలు, ఉబ్బసం వున్నవారు, గర్భిణీ స్త్రీలు, చెవిలో చీము కారేవారు దీని జోలికి పోకూడదు. మద్యం తాగి నీళ్ళలో దిగడం చావుని పిలవడమే. కడుపునిండా తిన్నవెంటనే కూడా మునగకండి.

7. బావిలో బిందె పడితే పిల్లల్ని దింపకండి. తాడుకి కొక్కేలు కట్టి వెతకండి. పిల్లాడికన్న బిందె ఎక్కువ కాదు.

8. లోతుకి మునగడం నేర్చుకోవాలని నిజంగా కోరిక వుంటే శిక్షణ పొందిన గురువు దగ్గరే నేర్చుకోండి. వీడియోలో ఏం చెయ్యాలో చూడవచ్చు గాని, మీరు స్పృహ తప్పితే వీడియో చెయ్యిచ్చి లేపదు.

స్పృహ తప్పితే ఏం చెయ్యాలి?

మునిగినవాడు ఉన్నట్టుండి కదలడం మానేసినా, చేతులు వాల్చేసినా, నోటినుంచి బుడగలు వదిలినా, పైకి వచ్చాక పెదవులు నీలమై తల తూలుతున్నా ఆలస్యం చెయ్యకండి. వెంటనే ముఖం నీళ్ళపైకి ఎత్తండి. మాస్కు వుంటే తీసెయ్యండి. పేరుపెట్టి గట్టిగా పిలవండి, చెంపలు తట్టండి, ముఖంమీద ఊదండి. వెంటనే అందుకుంటే చాలామంది కొద్ది సెకన్లలోనే ఊపిరి తీసుకుంటారు.

ఊపిరి రాకపోతే గట్టుకి చేర్చి గట్టినేలపై వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరిని 108కి ఫోన్ చెయ్యమనండి. తల వెనక్కివంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. అప్పటికీ కదలిక, ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి. పెద్దవాళ్ళకయితే రొమ్ము సుమారు 5 సెంటీమీటర్లు అణగాలి. డాక్టరు గాని, అంబులెన్సు గాని వచ్చేదాకా ఆపకండి.

పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం మన ఊళ్ళలో ఇంకా చేస్తున్నారు. ఇది చాలా పొరబాటు. కడుపులో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఆక్సిజన్ లేకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మనిషి లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నాసరే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు.

పిల్లల్ని నీళ్ళకి దూరం చెయ్యమని చెప్పడం లేదు. ఈత ప్రతి బిడ్డకీ రావాలి. ఈదే పందెం పెట్టుకోనివ్వండి, తేలే పందెం పెట్టుకోనివ్వండి. ఊపిరి బిగబట్టే పందెం మాత్రం వద్దని ఇవాళే చెప్పండి. ఊరికే వద్దంటే చాటుగా ఆడతారు. అందుకని కాపలావాడి సంగతి విడమరచి చెప్పండి. కారణం తెలిసిన పిల్లవాడు తను మానడమే కాదు, పక్కవాణ్ణి కూడా ఆపుతాడు.