తల ఒక్కటే కాదు, చేతులూ ఉంటాయి

హిట్లర్ ఒక్కడే అంత ఘోరం చేశాడా? బ్రిటిష్ చరిత్రకారుడు ఇయాన్ కెర్షా రాసిన హిట్లర్ జీవితచరిత్ర ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. 1998లో ఒక సంపుటం, 2000లో రెండోది. కలిపితే 2,000 పేజీలకు దగ్గర. దాంతో నంద్యాల, ఆళ్లగడ్డ జనానికేం పని అంటారా? పని ఉంది.

కెర్షా చెప్పేదేమిటంటే, ప్రతి పనికీ హిట్లర్ ఆజ్ఞ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమే రాలేదు. పైనుంచి ఉత్తర్వు కోసం చూడొద్దు, నాయకుడి మనసెరిగి నడుచుకోండని 1934లో విల్లికెన్స్ అనే అధికారి తోటివాళ్లకు బోధించాడు. పదవి కోసం అధికారి, పోటీ దుకాణం మూయించడానికి వ్యాపారి, పాత పగ తీర్చుకోవడానికి పొరుగువాడు... ఎవరి లాభం వాళ్లు చూసుకుంటూనే నియంతకు చేతులయ్యారు.

పుస్తకాన్ని పండితులు నెత్తిన పెట్టుకున్నారు. సమాజం గురించి చెప్పీ చెప్పీ మనిషిని మాయం చేశాడని కొందరు తప్పుపట్టారు. 2013లో ఫోల్కర్ ఉల్‌రిష్ హిట్లర్ వ్యక్తిత్వాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. 2015లో పీటర్ లాంగెరిష్, కీలక నిర్ణయాలు హిట్లర్‌వేనని గట్టిగా వాదించాడు. న్యాయమైన మాటే. చేతుల్ని లెక్కపెడుతూ తలను వదిలేయకూడదు.

మన సీమకు జరిగింది దీనికి తిరగబడి. సినిమావాళ్లు తలనే చూపించారు. మీసం, తెల్లచొక్కా, సుమోలు. వాడు చస్తే ఊరు బాగుపడుతుంది, శుభం కార్డు పడుతుంది! ఫ్యాక్షన్ నాయకుణ్ని హిట్లర్‌తో తూచడం మా ఉద్దేశం కాదు. ఘోరాల కొలత వేరు. కానీ పెద్దాయన నోరు విప్పకముందే తోట నరికేదెవరు? కాంట్రాక్టులో వాటా కోసం గుంపులో చేరేదెవరు? కళ్లారా చూసి సాక్ష్యం మింగేదెవరు? మనమే కదా!

ఆ చేతులే ఇంకోలా కదిలిన రోజూ ఉంది. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. ఆళ్లగడ్డ అందులోదే. జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గెలిచాడు. ఆయన పలుకుబడీ పనిచేసింది, కాదనం. ఓటేసిన చేతులు మాత్రం మనవే.

ఈసారి ఎవడైనా "అన్న చెప్పినాడు" అంటే, నిజంగా చెప్పినాడా అని అడగండి. చెప్పినా, చేసేది నువ్వే కదరా అని కూడా అడగండి.