కావలివాణ్ణి పంపివేసి తెలుగు వ్రాయవలెనా?

మొన్న బోధన్ నుండి నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేసినాడు. అక్కడొక కార్యాలయంలో కంప్యూటరు మీద పనిచేస్తాడు. రైతులకు పంపవలసిన నోటీసును తెలుగులో తయారు చేయమని పై అధికారి చెప్పినాడట. స్నేహితుని పెన్‌డ్రైవులో తెచ్చుకొన్న తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరును ఎక్కించబోతే యాంటీవైరస్ అడ్డుపడినది. "సార్, ఎక్కుతలేదు. డబుల్ క్లిక్ కొట్టంగనే ఫైలు మాయమైతున్నది. ముందుగాల యాంటీవైరస్ బందు పెట్టుమని దాంట్లనే రాసున్నది. పెట్టాల్నా?" అని అడిగినాడు.

వద్దన్నాను. అనడానికి నాకే సిగ్గనిపించినది. ఎందుకంటే ఒకప్పుడు వానికి ఆ దారి చూపినవాణ్ణి నేనే. "ముందు ఆపు, ఎక్కించు, తరువాత మళ్లీ పెట్టు" అని సంధి సూత్రంవలె వల్లె వేయించినాను. దాని ఫలం నేనూ అనుభవించినాను. అటువంటి మూటతో వచ్చిన పురుగొకటి నా పెన్‌డ్రైవులోని ఫోల్డర్లన్నింటిని షార్ట్‌కట్లుగా మార్చివేసినది. అసలు ఫైళ్లు లోపలనే దాగి ఉంటాయని, వాటిని వెలికితీయవచ్చునని తెలియక ఫార్మాట్ చేయించినాను. ఛందస్సు పాఠానికని మూడేండ్లు ఏరి కూర్చుకొన్న ఉదాహరణలు అట్లా పోయినవి. తప్పు పురుగుది సగం, నాది సగం.

తెలుగు సాఫ్ట్‌వేరు మీదనే ఈ అనుమానమెందుకు? కారణమున్నది. మనం రోమను అక్షరాలు కొడితే తెలుగు అక్షరం పడవలెనంటే, ఆ ఉపకరణం ప్రతి మీటనొక్కును మధ్యలో పట్టుకొని మార్చవలెను. సంకేతపదాలు దొంగిలించే కీలాగర్ కూడ మీటనొక్కులనే పట్టుకొంటుంది. ఒకటి మార్చి తెరకిస్తుంది, ఇంకొకటి వ్రాసుకొని దొంగకిస్తుంది. బయటినుండి చూచేవానికి రెండు చేతులూ ఒకే తీరున కదులుతాయి. పైగా చిన్న ఉపకరణాలకు చాలవాటికి డిజిటల్ సంతకముండదు. కావలివాడు అనుమానించడంలో వింత లేదు.

అట్లని కావలివాడు సర్వజ్ఞుడు కాడు. ఏ కార్యక్రమం వైరసో ఏది కాదో ప్రతిమారు తప్పకుండ తేల్చిచెప్పే సాధనం అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే నిరూపించినాడు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ వారి నవీకరణ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని అత్యవసరమైన ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరసుగా పొరబడినది. ప్రపంచమంతట ఎన్నో కార్యాలయాల కంప్యూటర్లు మళ్లీమళ్లీ రీస్టార్టవుతూ కూర్చున్నవి. కాబట్టి "యాంటీవైరస్ ఆపింది గనుక అది వైరసే" అనడమూ తొందరపాటే, "తెలుగుది గనుక మంచిదే" అనడమూ తొందరపాటే.

మరి చేయవలసినదేమిటి? మొదట యాంటీవైరస్ చూపిన సందేశాన్ని పూర్తిగా చదువవలెను. కంగారులో దానిని మూసివేయడమే మనమందరం చేసే తప్పు. సందేశంలో "హ్యూర్", "జెన్" వంటి ముక్కలుంటే అది చాలమట్టుకు పోలికను బట్టి కలిగిన అనుమానం. "హాక్‌టూల్", "కీజెన్" అని ఉంటే తాళం పగులగొట్టే సాధనమేదో ఆ మూటలో ఉన్నదన్నమాట. "మీ నిర్వాహకుడు నిరోధించినాడు" అని ఉంటే అది వైరసు మాటే కాదు, కార్యాలయపు నియమం. మూడింటికీ మందు ఒకటి కాదు.

అనుమానమే అయినప్పుడు, ఆ ఫైలును చేతులు మారిన పెన్‌డ్రైవు నుండి కాక తయారుచేసినవారి చోటినుండే మళ్లీ దింపుకోవలెను. ప్రాపర్టీస్‌లో సంతకమున్నదేమో చూడవలెను. పలు యాంటీవైరస్‌ల అభిప్రాయం ఒకేచోట చెప్పే వైరస్‌టోటల్‌లో ఆ ఫైలును పరీక్షించవచ్చును. అయితే అక్కడ పెట్టినది ఇతరులకూ అందగలదు గనుక కార్యాలయపు పత్రాలు మాత్రం పెట్టరాదు. ఆపైన కంప్యూటర్ల బాధ్యత చూచేవారిని అడిగి, ఆ ఒక్క ఫైలుకు మాత్రమే మినహాయింపు పొందవలెను. మొత్తం కాపలా ఎత్తివేయడం మినహాయింపు కాదు.

శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడకముందు గేటు ఎదుట చెరకు బండ్లు బారులు తీరడం మా ప్రాంతంవారికి తెలుసు. పర్మిటు చూపనిదే బండి లోపలికి కదలదు. చీటీలో పేరు తప్పుపడి నిజమైన రైతే నిలిచిపోయినా, వెళ్లి చీటీ దిద్దించుకొని వచ్చేవాడు. గేటు కాడివాణ్ణి ఇంటికి పంపుమని ఎవరూ అడుగలేదు. ఇంటి కంప్యూటరైతే నష్టం మనదే. కార్యాలయపు కంప్యూటరు వరుసలోని ఒక బండి వంటిది. 2017 మేలో వన్నాక్రై పురుగు ఒక యంత్రం నుండి మరొకదానికి దానంతటదే ప్రాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను సైతం కొన్నింటిని కట్టివేసినది.

మా వాని సందేశం చదివించినాను. "హాక్‌టూల్" అనే ఉన్నది. కావలివాడు పొరబడలేదు. వాడు తెచ్చినది తాళం పగులగొట్టిన దొంగ ప్రతి. దానిని వదిలివేసి అడుగవలసినవారిని అడిగితే, ఆయన విండోస్‌లోనే ఉన్న తెలుగును చేర్చి ఇచ్చినాడు. ఇన్‌స్క్రిప్టు 2001 నాటి ఎక్స్‌పీ నుండియే ఉన్నది. సీడీ పెట్టి చేర్చుకొన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఉచ్చారణను బట్టి టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10కు 2019 మే నవీకరణతో వచ్చినది. ఇక 2006లో వీవెన్ గారిచ్చిన లేఖినికి స్థాపనయే అక్కరలేదు, బ్రౌజరు చాలును. నోటీసు ఆ సాయంత్రమే వెళ్లినది.

ఇంతకూ నా మనవి రెండు ముక్కలు. తెలుగు ఉపకరణాలు తయారుచేసే మిత్రులారా, సూచనలలో "యాంటీవైరస్ ఆపండి" అనే మొదటి పంక్తిని దయచేసి తీసివేయండి. మీది పొరపాటు అనుమానమైతే యాంటీవైరస్ సంస్థలకే నివేదించండి, అవి దిద్దుకొంటాయి. మీ శ్రమ మీద దొంగ ముద్ర పడనీయకండి. కార్యాలయాధిపతులారా, తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966లో వచ్చినది. గుమాస్తాకు కంప్యూటరు ఇచ్చేనాడే తెలుగు కీబోర్డు కూడ చేర్చి ఇవ్వండి. తెలుగు రాష్ట్రంలో ఒక ఉద్యోగి తన భాషను జేబులో దాచుకొని దొంగసరకువలె లోపలికి తేవలసిన పని లేదు.

నేను నేర్పిన తప్పుపాఠాన్ని ఈ విధంగా దిద్దుకొంటున్నాను. ఇందులోనూ తప్పులుంటే మీరు దిద్దగలరు.