మేయర్ సంగతి సరే, మన వార్డు జాబితా సంగతి?

ఇది బరంపురం తెలుగువాళ్లందరి కోసం. కాస్త పెద్ద పోస్టే, తీరిక చూసుకుని చదవండి. నా మాట కాదనిపిస్తే మొహమాటం లేకుండా కింద రాయండి.

2022లో ఎన్నికైన మన కార్పొరేషన్ పాలకమండలికి 2027 తొలి నెలలతో ఐదేళ్లు నిండుతాయి. అందుకే పెళ్లి భోజనాల దగ్గర, టీ కొట్ల దగ్గర, సంఘం మీటింగుల్లో ఒకటే మాట వినిపిస్తోంది. "ఈసారి మేయర్ మనవాళ్లే కావాలి. సంఘం ఒక పేరు చెబితే తెలుగు ఓట్లన్నీ ఒకవైపు పడతాయి." చెప్పేవాళ్లు నాకు కావలసినవాళ్లే, వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా నా అభిప్రాయం వేరు. సంఘం అభ్యర్థిని వెతికే పని మానుకోవాలి. ఓటర్ల జాబితా, వార్డు హద్దులు, సమయానికి ఎన్నిక, ఈ మూడింటి పని పట్టుకోవాలి. ఎందుకో చెబుతాను.

ముందు ఎన్నిక ఎలా జరుగుతుందో గుర్తు చేసుకుందాం. 2022 మార్చి 24న మన ఊళ్లో పోలింగ్ జరిగింది. అంతకుముందు గెలిచిన కార్పొరేటర్లే తమలో ఒకరిని మేయర్‌గా ఎన్నుకునేవారు. ఆ ఏడాది మొదటిసారి ప్రజలే నేరుగా మేయర్‌ను ఎన్నుకున్నారు. అంటే ఒక్కొక్కరికి రెండు ఓట్లు. ఒకటి మన వార్డు కార్పొరేటర్‌కు, ఇంకొకటి ఊరు మొత్తానికి మేయర్‌కు. వార్డులు 42. మేయర్ పదవి మహిళలకు రిజర్వు అయింది, బిజూ జనతాదళ్ తరఫున సంఘమిత్ర దలేయి గెలిచారు.

వచ్చేసారి ఆ పదవి ఎవరికి రిజర్వు అవుతుందో ప్రభుత్వం ప్రకటిస్తే గానీ తెలియదు. మనం మాత్రం ఇప్పుడే పేర్లు అనుకుంటున్నాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

రెండో సంగతి లెక్క. మేయర్ ఎన్నికకు ఊరంతా ఒకే నియోజకవర్గం. తెలుగు ఓట్లు మాత్రమే నమ్ముకుని ఎవరూ గెలవలేరు. తెలుగు అభ్యర్థి అయినా ఒడియా వీధుల్లో చేతులు జోడించాల్సిందే. మనం "తెలుగువాళ్లంతా ఒకవైపు" అని చాటింపు వేస్తే, అవతలివాళ్లు కూడా అదే మాట అందుకుంటారు. అప్పుడు నష్టం ఎవరికో వేరే చెప్పాలా? అదే వార్డులో అయితే కొద్దిపాటి ఓట్లతోనే ఫలితం తారుమారవుతుంది. కాలవ పూడిక తీయించాలన్నా, వీధి దీపం వెలగాలన్నా, ఎండాకాలం ట్యాంకర్ రావాలన్నా ముందు మనం పోయేది కార్పొరేటర్ ఇంటికే కదా. రెండు ఓట్లలో మన బలం నిజంగా పనిచేసేది ఆ చిన్న ఓటు దగ్గర. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

షోలాపూర్ చూడండి. అక్కడ మన పద్మశాలీలు తరాల నుంచి ఉన్నారు. 102 మంది సభ్యుల కార్పొరేషన్ అది. ఒక్కో ప్రభాగ్ నుంచి నలుగురిని, రెండుచోట్ల ముగ్గురిని ఎన్నుకుంటారు. మేయర్‌ను ఎన్నుకునేది ఆ సభ్యులే. 2019లో శ్రీకాంచన యన్నం మేయర్ అయ్యారంటే ముందు ప్రభాగ్‌లో గెలిచి, తర్వాత సభలో ఓట్లు తెచ్చుకుని అయ్యారు. మన పద్ధతి వేరే, ఒప్పుకుంటాను. కానీ మెట్టు మాత్రం అదే. వార్డులో పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లు రేపు ఊరంతటినీ ఓటు అడిగినా నలుగురూ వింటారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎన్నిక దానంతటదే సమయానికి వస్తుందనుకోకండి. రాజ్యాంగం 243యు అధికరణం ఐదేళ్లు నిండేలోపే కొత్త ఎన్నిక పూర్తి చేయాలంటోంది. మరి జరిగిందేమిటి? మన పాత పాలకమండలి కాలం 2018లో ముగిస్తే 2022 దాకా ఎన్నిక లేదు. రిజర్వేషన్ల లెక్కపై కోర్టు వివాదాలు, ఆ తర్వాత కోవిడ్. షోలాపూర్‌లో 2022లో గడువు ముగిస్తే 2026 జనవరిలో గానీ పోలింగ్ జరగలేదు. బెంగళూరు మరీ అన్యాయం. అక్కడ చివరి ఎన్నిక 2015 ఆగస్టులో, గడువు ముగిసింది 2020 సెప్టెంబరులో. ఆ తర్వాత ఎన్నికైన మనిషి ఒక్కరూ లేకుండానే 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు. ఆ కాలమంతా మన బంధువులు వీధి గుంతల కోసం ఏ కార్పొరేటర్‌ను అడగాలి?

అందుకని సంఘం ఇప్పుడు చేయవలసిన పనులు నాకు తోచినవి రాస్తున్నాను.

ఒకటి. వార్డుల విభజన, రిజర్వేషన్ల పని ముందుగానే ముగించి గడువులోగా ఎన్నిక పెట్టాలని ప్రభుత్వానికీ, రాష్ట్ర ఎన్నికల సంఘానికీ ఉత్తరం రాయాలి. మున్సిపల్ ఎన్నికలు చూసేది రాష్ట్ర ఎన్నికల సంఘం, ఢిల్లీలో ఉన్న సంఘం కాదు. మనవాళ్లు చాలామంది ఫిర్యాదు ఒకచోట ఇవ్వబోయి ఇంకొకచోట ఇస్తున్నారు.

రెండు. వార్డు హద్దుల ముసాయిదా వచ్చిన రోజే చూడాలి. తెలుగు వార్డు కావాలని అడగమనడం లేదు. ఒకే వీధిని అడ్డంగా కోసి అటు సగం ఒక వార్డులో, ఇటు సగం ఇంకో వార్డులో పెడితే వీధి పేర్లతో, కొలతలతో అభ్యంతరం రాసి ఇవ్వాలి. గడువు దాటాక గోల చేసి లాభం లేదు.

మూడు. ఓటర్ల జాబితా. 2022లో కార్డు చేత పట్టుకుని బూత్ దాకా వెళ్లి వెనక్కి వచ్చిన పెద్దలను మన వీధుల్లోనే చూశాను. కార్డు ఉంటే చాలదు, ఆ వార్డు జాబితాలో పేరుండాలి. వార్డు జాబితాలు అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతాయి కాబట్టి తప్పు అక్కడే దిద్దుకోవాలి. కొత్త పేరుకు ఫారం 6, ఇల్లు మారినా పేరు తప్పు పడినా ఫారం 8, చనిపోయినవారి పేరు తీయించడానికి ఫారం 7. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి కనుక 18 నిండిన పిల్లలు జనవరి దాకా ఆగనక్కరలేదు. మనకు ఇంకో తంటా కూడా ఉంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియావారిది చివర వస్తుంది. జాబితాలో ఒకే అమ్మ పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడుతుంది. ఒడియా చదవడం వచ్చిన పిల్లలు పక్కన కూర్చుని చూస్తే తప్ప పెద్దవాళ్లకు ఇది తెలియదు.

నాలుగు. జనాభాలో 15 శాతానికి తగ్గకుండా ఒక భాష మాట్లాడేవాళ్లు ఉన్న చోట ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలోనూ ఇవ్వాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఒప్పుకున్న రక్షణల్లో ఒకటి. ఎన్నికల ప్రకటనలు తెలుగులోనూ కావాలని దాని పేరు చెప్పి అడగవచ్చు. ఇది హక్కు, బతిమాలుకోవలసిన పనేమీ లేదు.

ఐదు. నామినేషన్లు అయ్యాక అన్ని పార్టీల అభ్యర్థులనూ, స్వతంత్రులనూ ఒకే వేదిక మీదికి పిలవాలి. అందరినీ అవే ప్రశ్నలు అడగాలి, తెలుగులోనూ ఒడియాలోనూ. నీళ్లు, కాలవలు, చెత్త, ఇంటి పన్ను. ఎవరు ఏం చెప్పారో రాసుకుని అందరికీ పంచాలి. ఎవరికి ఓటెయ్యాలో మాత్రం సంఘం చెప్పకూడదు.

"మిగతా కులాలు, సంఘాలు అన్నీ చేస్తున్నదే కదా, మనమొక్కళ్లమే మడి కట్టుకు కూర్చోవాలా?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల చట్టంలో మతం, కులం, భాష పేరున ఓటు అడగడం అవినీతి చర్యల్లో ఒకటి. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిబంధన అర్థాన్ని ఇంకా గట్టి చేసింది. అది ఆ ఎన్నికల సంగతే అనుకున్నా, అందులో నీతి మన ఊరి ఎన్నికకు పనికిరాదా? ఇంకో మాట. సంఘంలో మూడు పార్టీలవాళ్లూ ఉన్నారు. ఒక పేరు ప్రకటించిన మర్నాడే సంఘం రెండు ముక్కలవుతుంది. ఎన్నిక ఒక్కరోజులో అయిపోతుంది. తర్వాత మళ్లీ కలిసి ఉగాది చేసుకోవలసినవాళ్లం మనమే.

తెలుగువాళ్లు పోటీ చేయకూడదని నేను అనడం లేదు. చేయాలి, ఏ పార్టీ తరఫునైనా, ఏ వార్డులోనైనా. వాళ్ల కోసం వ్యక్తిగతంగా ఎవరైనా తిరగవచ్చు, సంఘం లెటర్‌హెడ్ మాత్రం వాడవద్దు. పోలింగ్ రోజు అభ్యర్థి డబ్బుతో ఆటోలు పెట్టి జనాన్ని తరలించే పనికి కూడా సంఘం పేరు అంటకూడదు.

మన ఊళ్లో రెండేళ్లకోసారి బుడ్డి ఠాకురాణి జాతర ఎలా జరుగుతుందో మీకు తెలుసు. వీధికొకరు బాధ్యత తీసుకుంటేనే అన్ని రోజుల జాతర సాగుతుంది. తెలుగు, ఒడియా తేడా అక్కడ ఎవరికీ గుర్తుండదు. ఓటర్ల జాబితాకు కూడా వీధికి ఇద్దరు చాలు, ఒకరు ఒడియా చదవగలిగినవారు, ఒకరు ఇంటింటికీ పరిచయం ఉన్నవారు. వదినలూ, అక్కలూ ముందుకొస్తే ఈ పని మగవాళ్లకంటే త్వరగా అవుతుంది. వంటింటి దాకా వెళ్లి పేర్లు సరిచూడగలిగేది వాళ్లే.

సిద్ధంగా ఉన్నవాళ్లు మీ వీధి పేరు, వార్డు నంబరు కింద రాయండి. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు, విడిగా సంఘం కార్యదర్శికి ఇవ్వండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మేయర్ పేరు చర్చకు వస్తే, అంతకుముందు ఈ వీధుల జాబితా బల్ల మీద పెట్టాలని కోరుతాను. మీరూ కోరండి.