ఒక తుపాకీ చాలదట! అమెరికాలో 'బ్యాకప్ గన్' వాదన.. మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఏంటి?

అమెరికాలో ఆత్మరక్షణ పేరుతో తుపాకీ దాచుకుని తిరగడం కొత్తేమీ కాదు. అయితే ఒకటి పెట్టుకుంటే చాలదు, రెండోది కూడా ఒంటి మీద ఉండాల్సిందే అనేవాళ్లు అక్కడ తక్కువేం లేరు. నడుముకు ఒక పిస్టల్, చీలమండ దగ్గరో ప్యాంటు జేబులోనో ఇంకో చిన్న తుపాకీ. దీన్నే 'బ్యాకప్ గన్' అంటారు. వినడానికి సినిమా సీన్‌లా ఉన్నా, దీని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్కలో కొన్ని లొసుగులూ ఉన్నాయి. లక్షల మంది తెలుగువాళ్లు, హైదరాబాదీలు బతుకుతున్న దేశం కాబట్టి ఇది మనకు సంబంధం లేని ముచ్చట అనుకోవడానికి లేదు.

అసలు రెండోది ఎందుకు?

ఈ అలవాటు పోలీసుల నుంచి వచ్చింది. పెనుగులాటలో నిందితుడు పోలీసు చేతిలోని తుపాకీ లాక్కోవచ్చు. తూటా ఇరుక్కుని తుపాకీ పనిచేయకపోవచ్చు. కుడిచేతికి దెబ్బ తగిలితే కుడివైపు ఉన్న ఆయుధం తీయడం కుదరదు. తూటాలు అయిపోతే మళ్లీ నింపుకునేంత టైం ఉండదు. ఖాళీ అయిన తుపాకీ పక్కన పెట్టి రెండోది లాగడానికి 'న్యూయార్క్ రీలోడ్' అనే పేరే స్థిరపడింది. ఇందుకోసం ఎక్కువగా వాడింది స్మిత్ అండ్ వెస్సన్ జే ఫ్రేమ్ లాంటి 5 తూటాల చిన్న రివాల్వర్లు.

పోలీసుకు ఇది సరే. నేరగాడికి ఎదురెళ్లడం అతని డ్యూటీ. మామూలు మనిషి డ్యూటీ అది కాదు. అతను తప్పించుకుని ఇంటికి చేరితే చాలు. పైగా చిన్న తుపాకీతో గురి కుదరడం చాలా కష్టం. బ్యారెల్ పొట్టి, పట్టు చిన్నది, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది. నిత్యం సాధన చేసేవాళ్లకే చేతులు వణికే సమయంలో అది లొంగడం కష్టమైతే, ఏడాదికోసారి రేంజ్‌కు వెళ్లేవాళ్ల సంగతి చెప్పేదేముంది?

చట్టాలు సడలుతున్న కొద్దీ..

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 'బ్రూయెన్' కేసులో ఇచ్చిన తీర్పు పెద్ద మలుపు. ఇంటి బయట ఆత్మరక్షణకు తుపాకీ పెట్టుకోవడం రాజ్యాంగ హక్కేనని, అందుకు ప్రత్యేక కారణం చూపించమని అడగడం చెల్లదని కోర్టు తేల్చింది. మరోవైపు టెక్సాస్ 2021లో, ఫ్లోరిడా 2023లో పర్మిట్ లేకుండానే తుపాకీ దాచుకుని తిరగొచ్చని చట్టాలు తెచ్చాయి. 2024 నాటికి ఇలాంటి రాష్ట్రాలు 29కి చేరాయి. పర్మిట్ అక్కర్లేదంటే, దానితో పాటు ఉండే శిక్షణా అక్కర్లేదనే అర్థం.

రెండో తుపాకీ విషయంలో రాష్ట్రానికో పద్ధతి ఉంది. చాలాచోట్ల పర్మిట్ మనిషికే గానీ తుపాకీకి కాదు. ఒకటి పెట్టుకున్నా, రెండు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో మాత్రం ఏ తుపాకీ అన్నది లైసెన్స్‌లో నమోదై ఉండాలి. ఒక రాష్ట్రంలో తప్పు కానిది హద్దు దాటగానే నేరం అయిపోతుంది.

ప్రాణం తీస్తున్నది ఏది?

ప్యూ రీసెర్చ్ 2023 సర్వేలో తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం మంది రక్షణే ముఖ్య కారణమని చెప్పారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. 2022 జులైలో ఇండియానా రాష్ట్రం గ్రీన్‌వుడ్ మాల్‌లో కాల్పులు జరుపుతున్న దుండగుడిని తుపాకీ ఉన్న 22 ఏళ్ల యువకుడు సెకన్లలోనే కాల్చి ఆపేశాడు. అతను లేకపోతే ఇంకెంతమంది పోయేవారో. గమనించాల్సింది ఏంటంటే, అతని దగ్గర ఉన్నది ఒక్క తుపాకీయే. పని చేసింది అతని గురి, నిబ్బరం.

ఇక రెండో వైపు. 2023లో అమెరికాలో తుపాకుల వల్ల 46,728 మంది చనిపోయారు. వాళ్లలో సుమారు 27,300 మందివి ఆత్మహత్యలు. అంటే సగానికి పైగా మరణాల్లో 'శత్రువు' బయట నుంచి రాలేదు. 2020 నుంచి అక్కడి పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకీయే. బ్యాకప్ గన్ తీర్చేది ఆయుధం మొరాయించే సమస్యను. అలా మొరాయించే క్షణం చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా రాదు. కానీ ఇంట్లో రెండో తుపాకీ ఉంటే, తాళం వేసి పెట్టాల్సినది రోజూ ఇంకొకటి పెరిగినట్టే.

మతిమరుపు సంగతీ ఉంది. 2024లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,678 తుపాకులు దొరికాయి. వాటిలో దాదాపు 94 శాతం తూటాలు నింపినవే. దొరికిన వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటే: "బ్యాగులో ఉందని మర్చిపోయా". ఒకదాన్నే గుర్తుపెట్టుకోలేని చోట రెండోది ఎంత భద్రం?

రంగు చూసి, పేరు చూసి..

మైనారిటీల విషయానికొస్తే ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది. 2015 ఫిబ్రవరిలో చాపెల్ హిల్‌లో దియా బరకాత్, ఆయన భార్య యుసోర్, ఆమె చెల్లెలు రజాన్ అనే ముగ్గురు ముస్లిం విద్యార్థులను పొరుగింటి వ్యక్తి వాళ్ల ఇంట్లోనే కాల్చి చంపాడు. తుపాకీ దాచుకుని తిరిగే పర్మిట్ అతని దగ్గర ఉంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను 'మా దేశం వదిలి పో' అంటూ ఒకడు కాల్చేశాడు. ఇలాంటివి చూశాక "మనమూ ఒకటి కొనుక్కోవాలి" అనే ఆలోచన రావడం సహజమే.

అయితే తుపాకీ ఉండటమే ప్రాణం మీదకు తెచ్చిన ఘటనలూ ఉన్నాయి. 2016 జులైలో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడి కారును పోలీసులు ఆపారు. అతనికి పర్మిట్ ఉంది. తన దగ్గర తుపాకీ ఉందని అతనే మర్యాదగా చెప్పాడు. అయినా పోలీసు కాల్చి చంపాడు. కారులో నాలుగేళ్ల పాప ఉంది. ఆ పోలీసు మరుసటి ఏడాది నిర్దోషిగా బయటపడ్డాడు. 2021లో కొలరాడోలో జానీ హర్లీ అనే తెల్లజాతి వ్యక్తి ఒక హంతకుడిని కాల్చి ఆపాడు. తర్వాత వచ్చిన పోలీసు ఆయన్నే దుండగుడు అనుకుని కాల్చేశాడు. మంచివాడి చేతిలో తుపాకీ ఎవరిదో దూరం నుంచి చూసేవాడికి తెలియదు. గడ్డం, హిజాబ్, చామనఛాయ ఉన్నవాళ్లకు ఆ పొరపాటు జరిగే ప్రమాదం ఇంకా ఎక్కువ. మిషిగాన్ లాంటి చోట్ల పోలీసు ఆపగానే తుపాకీ ఉందని వెంటనే చెప్పాలి. ఒకటి చెప్పి, చీలమండ దగ్గరున్న రెండోది చెప్పడం మర్చిపోతే? తనిఖీలో అది చేతికి తగిలిన ఆ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

హెచ్1బీ వాళ్లకైతే అసలుకే ఎసరు

మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఇది. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. ఉల్లంఘిస్తే 15 ఏళ్ల వరకు జైలు, ఆపైన దేశం నుంచి పంపించేసే అవకాశం. గ్రీన్ కార్డ్ వచ్చాకే ఈ అడ్డు తొలగుతుంది. అందుకే "రాష్ట్రంలో పర్మిట్ అక్కర్లేదంట" అనే స్నేహితుడి మాట నమ్మి షాపుకు వెళ్లడం పెద్ద తప్పు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో ఉంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడే తుపాకీ శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. శత్రువు ఎవరూ లేరు. ఇక్కడ తల్లిదండ్రులకు మిగిలింది కడుపుకోత.

మన దగ్గర పరిస్థితి వేరు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేనిదే తుపాకీ ముట్టుకోకూడదు. కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ అనుమతి ఇవ్వాలి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకులను 3 నుంచి 2కు తగ్గించారు. అక్కడ 'రెండోది పెట్టుకో' అనే మాట, ఇక్కడ 'మూడోది అప్పగించు' అనే చట్టం. స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం 2017లో అమెరికాలో ప్రతి 100 మందికి 120 తుపాకులు ఉంటే, భారత్‌లో 5 మాత్రమే.

అమెరికాలో ఉన్న కుటుంబాల భయం నిజమైనదే. దానికి మందు రెండో తుపాకీలో ఉందా అన్నదే ప్రశ్న. తలుపుకు మంచి తాళం, కెమెరా, అర్ధరాత్రి పిలిస్తే పలికే పొరుగు, మసీదులో గుడిలో కలిసి వేసుకున్న భద్రతా ఏర్పాటు, గొడవ కనబడితే పక్కకు తప్పుకునే ఇంగితం.. ఇవన్నీ అయ్యాకే తుపాకీ మాట. చట్టం ఒప్పుకుని, అవసరం ఉండి కొనుక్కునేవాళ్లకైనా ముందు కావాల్సింది బ్యాకప్ గన్ కాదు. పిల్లల చేతికి అందని పెట్టె, దానికి ఒక తాళం, సరైన శిక్షణ. ఈ మూడూ లేని ఇంట్లో మొదటి తుపాకీయే ఎక్కువ.